నాయనమ్మ పోలిక

మా అత్త, అంటే నాన్నకు అక్క, నవ్విందంటే మా లాండ్రీ కొట్టు ముందు నుంచి పోయేవాళ్లు కూడా తల తిప్పి చూసేవాళ్లు. అలాంటి మనిషిని మా ఇంట్లో ఏళ్ల తరబడి గాజుబొమ్మను చూసుకున్నట్టు చూసుకున్నారు. కారణం ఆవిడ ముఖం. అచ్చుగుద్దినట్టు నాయనమ్మ ముఖమే: అదే ముక్కు, అవే కనుబొమలు, నడుస్తూ కాస్త ఎడమవైపు ఒరగడం కూడా అదే.

నాయనమ్మకు దిగులు జబ్బు ఉండేది. నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకునేదట. పిల్లలు పిలిచినా పలికేది కాదట. ఒకనాడు పొద్దున్నే నదివైపు వెళ్లింది, తిరిగి రాలేదు. అప్పటికి అత్త బడికెళ్లే పిల్ల, నాన్న ఇంకా చిన్నవాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ నోరు విప్పి మాట్లాడుకోలేదు. దానికి బదులు అత్తను కాపలా కాయడం మొదలుపెట్టారు. ఆ ముఖం వచ్చిన పిల్లకు ఆ జబ్బూ వచ్చి తీరుతుందని అందరి లెక్క.

ఇక అత్త పాట్లు ఏమని చెప్పను. ఆవలిస్తే చాలు, పెద్దవాళ్లు ముఖముఖాలు చూసుకునేవాళ్లు. కాసేపు కిటికీ దగ్గర నిలబడితే తాతయ్య ఏదో వంక పెట్టుకుని గదిలోకి వచ్చేవాడు. పరీక్ష తప్పి ఏడ్చిన రోజు చుట్టాలు మూకుమ్మడిగా దిగిపోయారు. ఇంకొకరికైతే నిజంగానే పిచ్చెక్కిపోయేది. అత్త మాత్రం వాళ్లను ఆటపట్టించడం నేర్చుకుంది. కావాలని పెద్దగా నిట్టూర్చేది. ఎవరెవరు పరుగెత్తుకొస్తారో చూసి, వచ్చినవాళ్లకు తలా ఒక పని పురమాయించేది.

నాన్నది తాతయ్య పోలిక. గుండ్రటి ముఖం, చెవుల దాకా నవ్వు. పెద్దయ్యాక అక్కాతమ్ముళ్లిద్దరూ కలిసి లాండ్రీ పెట్టారు. ఆసుపత్రి దుప్పట్లు, హోటల్ బల్లగుడ్డలు, ఆఫీసు చొక్కాలు వచ్చేవి. ఇస్త్రీ అత్తది, గల్లా నాన్నది. చొక్కా జేబుల్లో దొరికిన ప్రతి వస్తువు మీదా నాన్న ఒక కథ అల్లేవాడు. వాడు చెప్పేది వినడానికే జనం ఉతికిన బట్టలు కూడా మళ్లీ పట్టుకొస్తున్నారని అత్త మురిసిపోయేది.

నాన్నకు నలభై దాటాక ఆ కథలు ఆగిపోయాయి. ముందు నడుంనొప్పి అన్నాడు. తర్వాత తిండి సయించడం లేదన్నాడు. చివరికి మంచం దిగడమే మానేశాడు. అమ్మ నడుముకు కాపడం పెట్టి పెట్టి అలిసిపోయింది. దిగులు జబ్బేమోనని ఆవిడ ఒకసారి నసిగితే తాతయ్య కొట్టిపారేశాడు. వాడికెందుకొస్తుంది, వాడు నా పోలిక కదా, అన్నాడు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నాన్న పడుకున్న గదిలోనే కూర్చుని, అత్త ఈమధ్య చిక్కిపోయిందని చుట్టాలు గుసగుసలాడుకున్నారు.

ఒక మధ్యాహ్నం అత్త ఇస్త్రీపెట్టె ఆపేసి, సగం మడతలో ఉన్న దుప్పట్లు అలాగే వదిలేసి మా ఇంటికి వచ్చింది. నేరుగా వెళ్లి నాన్న మంచం మీద కూర్చుంది. అమ్మా నేనూ గుమ్మంలో నిలబడ్డాం.

"ఒరేయ్, అమ్మకు జబ్బు చేస్తే మనం చూస్తూ కూర్చున్నాం. ఎలా ఉందమ్మా అని ఒక్కరమూ అడగలేదు. నిన్ను అడుగుతున్నా. చచ్చిపోదామని ఉందా నీకు?"

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మా ఇంట్లో అందరి భయం. నాన్న మెల్లగా అత్తవైపు తిరిగాడు.

"ఉందక్కా. రోజూ ఉంది."

"సరే. చెప్పావు, అది చాలు. చొక్కా వేసుకో, డాక్టరు దగ్గరికి వెళదాం."

అంత ధైర్యం నేను మరే మనిషిలోనూ చూడలేదు.

డాక్టరమ్మ మందులు రాసింది, కొన్నాళ్లు ఆయన్ని ఒంటరిగా వదలొద్దంది. వెంట వచ్చిన తాతయ్య పోలికల సంగతి ఎత్తాడు. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఈ జబ్బును తెచ్చే జన్యువు ఫలానా అని ఒకటి లేదట. జన్యువుల్లో వందలాది చిన్న తేడాలుంటాయి, ఒక్కోటీ ముప్పును చిటికెడంత పెంచుతుంది, అవి కలగాపులగంగా పిల్లలకు వస్తాయి. ఎవరికి ఎన్ని వచ్చాయో ముక్కు చూసి చెప్పలేం. తల్లికో తోబుట్టువుకో ఉంటే ముప్పు మామూలు కంటే రెండు మూడు రెట్లు ఎక్కువే, అయినా అలాంటి ఇళ్లలోనూ చాలామందికి అసలు రాదు. బతుకులో తగిలే దెబ్బల పాత్ర కూడా ఉంటుంది. తాతయ్య అంతా విని, అయితే ఇన్నాళ్లూ పిల్లను ఊరికే కాల్చుకు తిన్నామా అన్నాడు. అత్త అప్పటికే మందుల కోసం వెళ్లిపోయింది.

నాన్న వెంటనే లేచి తిరగలేదు. మొదటి మందు ఒంటికి పడకపోతే మార్చారు. అత్త రోజూ కొట్టుకు తీసుకెళ్లి, తన పక్కనే కూర్చోబెట్టుకుని జేబురుమాళ్లు మడతపెట్టించేది. మాట్లాడమని పోరేది కాదు. సాయంత్రం మాత్రం ఆ ప్రశ్న అడిగేది. ఉందన్న రోజు మా ఇంట్లోనే ఉండిపోయేది. లేదన్న రోజులు మెల్లగా పెరిగాయి.

ఇప్పుడు నాన్న తల నెరిసింది. కథలు తిరిగొచ్చాయి, కాకపోతే కాస్త పొట్టివి. మొన్న అత్త ఇస్త్రీబల్ల ముందు ఊరికే నిలబడిపోయింది. నాన్న గల్లా వదిలేసి ఆవిడ దగ్గరికి వెళ్లాడు.

"అక్కా, నీకేమైనా అలా ఉందా?"

అత్త ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. నాయనమ్మ పోయినప్పటి నుంచి ఇంటిల్లిపాదీ ఆవిడను కనిపెట్టుకునే ఉన్నారు గానీ, ఆ మాట ఎదురుగా అడిగినవాడు ఆయనొక్కడే.

"లేదురా. మోకాలు నొప్పి," అంది.

తర్వాత స్టూలు లాక్కుని కూర్చుంది. మోకాలితో మొదలుపెట్టి, ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పుకోనివన్నీ చెప్పింది. నాన్న కొట్టు తలుపు దగ్గరగా వేసి వింటూ కూర్చున్నాడు. ఆ రోజు ఎవరి చొక్కాలూ తయారు కాలేదు.