తొందరమ్మ చూసిన బొమ్మ

ఇంట్లో ఆమెను అందరూ తొందరమ్మ అనేవాళ్లు. పాలు కాగకముందే స్టవ్ కట్టేసే రకం. పరీక్షలో ప్రశ్న సగం చదివి జవాబు రాసేసేది. అయినా మార్కులొచ్చేవి, అదే కొంప ముంచింది. చదివి చదివి పెద్దాసుపత్రిలో మెదడు స్కాన్లను కొలిచే పరిశోధకురాలైంది.

వణుకు జబ్బున్న కొద్దిమందికి స్కాన్ తీస్తే, మెదడులో ఒకచోట పొర పలచగా కనబడింది. అలా ఉన్నవాళ్లకు జబ్బు త్వరగా ముదురుతుందని ఆమె తేల్చేసింది. పత్రికలో అచ్చయింది, చప్పట్లు మోగాయి. వేరే మనుషుల మీద మళ్లీ చేసి చూద్దామని ఎవరూ అనలేదు. చేసిన పనే మళ్లీ చేస్తే చప్పట్లెవరు కొడతారు?

ఆ రోజుల్లోనే అన్నయ్యకు కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఆయన దర్జీ. కోటు అంటే ఆయనే కుట్టాలనేవాళ్లు. కదలొద్దని చెప్పి ఆమే స్కాన్ తీసింది. ఆయనకూ అక్కడే పలచన.

"ఏడాది తిరక్కుండా సూది పట్టుకోలేవన్నయ్యా. ఎవరో వంక పెట్టేదాకా ఎందుకు, ఇప్పుడే మానెయ్" అంది.

చెల్లెలి మాటంటే ఆయనకు అంత గురి. మిషను మీద దుప్పటి కప్పేసి కిటికీ దగ్గర చేరాడు. "ఆయనకు పని లేదు, నాకు మనశ్శాంతి లేదు" అని వదిన నవ్వుతూనే వాపోయేది.

ఏళ్లు గడిచినా వణుకు పెద్దగా పెరగలేదు. మంచిదేగా అనుకుంది తొందరమ్మ. ఎందుకు పెరగలేదని అడగాల్సిన మనిషి ఆమే. అడగలేదు.

చివరికి వేరే ఊరివాళ్లు అదే పరీక్షను చాలామంది మీద, తల కదలికను కూడా లెక్కలోకి తీసుకుని చేశారు. పలచన ఎక్కడా కనబడలేదు. వణికేవాళ్లు స్కాన్‌లో కాస్త కదులుతారు, కదిలితే బొమ్మ మసకబారుతుంది, మసకబారితే పొర పలచగా కనబడుతుంది. అంతే సంగతి. ఆమె పాత స్కాన్లన్నీ తీసి చూసుకుంది. అన్నయ్యదీ మసకే.

మర్నాడే వెళ్లి ఆయన ముందు కూర్చుని, దాచకుండా అంతా చెప్పింది.

"అంటే ఇన్నాళ్లూ కుట్టుకుంటూ ఉండొచ్చన్నమాట" అన్నాడు అన్నయ్య.

"ఉండొచ్చన్నయ్యా."

తిడతాడని చూసింది. తిడితే బావుండుననీ అనిపించింది. ఆయన వణికే చేతిని రెండో చేత్తో ఒళ్లో అదిమి పట్టుకున్నాడు.

"తప్పు నాదేనమ్మా. కదలొద్దని నువ్వు ముందే చెప్పావు" అన్నాడు.