అరువు తెచ్చుకున్న చెట్టు

ఆఫీసు పని మీద మూడు నెలలు లండన్ శివార్లలోని క్రోయిడన్‌లో అద్దె ఇంట్లో ఉన్నాను. పెరట్లోని చెర్రీ చెట్టు ఇంటికప్పుకు తగులుతోందని ఓనరు దాన్ని కొట్టించమన్నాడు. పనివాళ్లు వచ్చిన ఉదయం, పక్కింటి చైనా ఆంటీ కంగారుగా తలుపు తట్టింది.

"ఒక్కసారి మా ఇంటికి రా బాబూ," అంది ఇంగ్లీషులో.

ఏం తప్పు చేశానోనని భయపడుతూ వెళ్లాను. ఆమె కిటికీలోంచి చూస్తే చిన్న కొలను, నాలుగు రాళ్లు, వాటి వెనక మా చెట్టు. మధ్యనున్న కంచె వెదురు పొదల చాటున కనబడనే లేదు.

"మా దేశపు తోటల్లో బయటి అందాన్ని అరువు తెచ్చుకుంటాం. మీ చెట్టును నిన్ను అడగకుండా తెచ్చుకున్నాను," అంది తల వంచుకుని.

అంతలో రంపం మోత మొదలైంది. పరుగెత్తి ఆపించి, ఓనరుకు ఫోన్ చేశాను. కప్పుకు తగిలే కొమ్మ ఒక్కటి కొట్టిస్తే చాలన్నాడు.

గుమ్మంలో నిలబడ్డ ఆంటీకి ఆ మాటే చెప్పాను.

"ఏ కొమ్మ?" అంది, ఇంకా భయంగానే.