ఘనపూర్ చెరువుల దూకిన రోజు

తెలంగాణ కోసం చేసిన సమ్మెతోని బస్సులు బంద్ అయిన రోజుల్లనే మా యాడి బాయికాడ జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నది. మా లంబాడోళ్ల భాషల అమ్మను యాడి అంటం. ఆమె మరిపెడ దగ్గరి తండల ఉంటది. నేను జనగామ సర్కారు దవాఖానల నర్సును. నడుమ డెబ్బై కిలోమీటర్ల పైమాటే.

"మహబూబాబాద్ తీస్కపోయి కట్టు కట్టించిన. నువ్వు రాకక్కా, రోడ్ల మీద అన్ని బండ్లు ఆపుతున్నరు" అని తమ్ముడు ఫోన్ చేసిండు.

నాకు ఆగబుద్ధి కాలే. డ్యూటీకి పోయే లేడీస్ సైకిలే తీసిన. తెల్లారంగ బయలెల్లి పాలకుర్తి, తొర్రూరు దాటుకుంట పోయిన. ఊరూరికి ఒక టెంటు ఉండె. దీక్షల కూసున్నోళ్లు చెయ్యి అడ్డం పెట్టి ఆపేది. "జై తెలంగాణ" అంటే నీళ్లిచ్చి తోలేది. పొద్దు నెత్తిమీదికి రాకముందే తండల దిగిన. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లె పెట్టుకొని యాడి నన్ను కిందికెల్లి మీదికి చూసింది.

"గంత దూరం తొక్కినవా? అలిసిపోయినవా బిడ్డా?"

ఆమె అడిగినంక నన్ను నేను చూసుకున్న. నిజం చెప్పాలంటే అలుపు రాలే.

"లేదు యాడీ, ఆకలైతున్నది."

మూడొద్దులు ఉండి, మళ్ల అదే సైకిల్ మీద జనగామ వచ్చిన. నా కాళ్లల్ల ఇంత బలం ఉన్నదని ముప్పై నాలుగేండ్లు వచ్చేదాక నాకు తెల్వలేదు.

సమ్మె అయిపోయినంక హన్మకొండల గేర్ల సైకిల్ బేరం చెయ్యవోతే, దుకాణం గోడకు ఒక కాయితం కనవడ్డది. ఘనపూర్ చెరువుల రెండు కిలోమీటర్లకు జర తక్కువ ఈత, ఆ తర్వాత భూపాలపల్లి రోడ్డు మీద తొంభై కిలోమీటర్ల సైకిల్, ఆ తర్వాత ఇరవై ఒక్క కిలోమీటర్ల ఉరుకుడు. మూడూ ఒక్క పొద్దులనే, పొద్దుగూకే లోపట, ఒకదాని ఎంబడి ఒకటి. పట్నపోళ్లెవరో పెడుతున్నరట.

"అది మిలిటరోళ్లకు, జిమ్ముకు పోయేటోళ్లకు సిస్టరమ్మా" అన్నడు దుకాణపాయన.

"ఈత నాకొచ్చు. సైకిల్ నాకొచ్చు. ఉరుకుడొక్కటే నేర్చుకోవాలె" అన్న నేను. గొప్పకు అనలేదు, లెక్క చూసుకొనే అన్న.

ఉరుకుడు నేర్చుకునుడు జనగామల జర కష్టమైంది. తెల్లారి అయిదింటికి స్టేషన్ రోడ్డు మీద ఉరుకుతుంటే పాలు పోసేటోళ్లు, చాయ్ బండోళ్లు పరేషాన్ అయ్యేది. "ఏమైంది సిస్టరమ్మా, ఎవలకన్న సీరియస్సా?" అని నా ఎంబడి నాలుగడుగులు ఉరికినోళ్లు గూడ ఉన్నరు. నర్సు ఉరికితే దవాఖానల ఎవరిదో పాణం పోతున్నట్టే లెక్క మరి. నెలరోజులకు వాళ్లకు అలవాటైంది, నాకూ అలవాటైంది.

పోటీ నాడు పొద్దున చెరువు కట్టమీద నలభై మందిమి ఉంటిమి. ఆడోళ్లం ముగ్గురమే. తమ్ముడు యాడిని తోల్కొచ్చిండు. ఆమె కట్టమీద గొంగడి ఏసుకొని కూసున్నది, చెయ్యి ఎప్పుడో మంచిగైంది. నా పొడుగు పాయింటు, టోపీ ఒకసారి చూసి, నీళ్ల దిక్కు మాత్రం అనుమానంగ చూసింది.

చిన్నప్పుడు మా బాపు నీళ్లల్ల తేలేటందుకు ఎండిన ఆనిగెపుకాయ బుర్ర నడుముకు కట్టి నన్ను వ్యవసాయ బాయిల ఇడిచిపెట్టిండు. అట్ల నేర్చిన ఈత నాది. బాయిల ఎటు కొట్టుకున్నా చేతికి గోడ దొరుకుతది. చెరువు నడిమిట్లకు పోయినంక తల ఎత్తి చూస్తే ఏ దిక్కు గోడ లేదు. కాలికి నాచు చుట్టుకున్నది. ఊపిరి అందక ఒక బుక్కెడు నీళ్లు మింగిన. దవాఖానల భయపడ్డోళ్లకు నేను రోజూ చెప్పే మాట ఒకటున్నది: "ముందుగాల ఊపిరి ఇడువు, తర్వాత తీసుకో." అదే నాకు నేను చెప్పుకున్న. ఎల్లెలుకల తిరిగి, మొగులు చూసుకుంట ఇరవై ఊపిర్లు లెక్కపెట్టిన. మళ్ల బోర్లకు తిరిగి కొట్టుకుంట పోయిన. ఒడ్డుకు వచ్చేసరికి నా ఎనుక ఆరేడుగురే ఉన్నరు. ముగ్గురు ఆడోళ్లల్ల ఒకామె పడవల వాపస్ వచ్చింది.

కొత్త గేర్ల సైకిలెక్కినంక లోకం నాదైంది. ఘనపూర్ కెల్లి భూపాలపల్లి దాటి పోవాలె, తిరిగి రావాలె, గిట్ల రెండు సార్లు. మొదటి సారి పోయి వచ్చేటప్పుడే పదిమందిని దాటేసిన. రెండోసారి పోతుంటే భూపాలపల్లికి ఇవతల రోడ్డు నిండ జనం. తెలంగాణ కోసం మళ్ల రాస్తారోకో. బొగ్గుబాయి కార్మికులు, వాళ్ల ఆడోళ్లు నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నరు. పొద్దుగాల ఇదేం లేకుండె.

నాకంటె ముందున్న ఒకాయన అక్కడ ఇరుక్కొని ఉన్నడు. "దయచేసి కాస్త దారి ఇవ్వండి, మాకు సమయం మించిపోతోంది" అంటున్నడు. ఆ మాట తీరు వినంగనే జనం ముఖాలు మారినయి. ఒకడు ఆయన సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నడు. "ఎక్కడోడివి నువ్వు? ఇక్కడ మా బతుకులు ఆగిపోయినయి, నీకు సైకిల్ ఆటనా?"

నర్సింగ్ చదివేటప్పుడు "గిట్ల", "గట్ల" అంటే క్లాసంత నన్ను చూసి నవ్వేది. ఆ మంట నాలో ఉన్నది. గాని ఆ మనిషి నన్ను ఏం అనలేదు, చెమట కార్చుకుంట నిలబడ్డడు. నేను సైకిల్ దిగిన.

"అన్నా, ఆయన నాతోని వచ్చినాయన. జర ఇడువుండ్రి" అన్న.

"నువ్వెవలవు?"

"మాది మరిపెడ దిక్కు తండ. జనగామ దవాఖానల నర్సును. సమ్మెల నేను గూడ టెంటు కింద కూసున్నదాన్నే. సైకిల్ తొక్కనియ్యకుంటే మానె, నడిచి పోతం. నడిచేటోళ్లను ఆపరు గద?"

పొయ్యికాడ ఉన్న ఒక ముసలవ్వ గరిటె పట్టుకొనే లేచి వచ్చింది. నా మోకాళ్ల దిక్కు, నెత్తిమీది హెల్మెట్ దిక్కు చూసింది. "నడిచి పోదువు గాని, వంట దగ్గరికొచ్చినోళ్లు తినకుంట పోతరా? కూసో. నువ్వు గూడ కూసో కొడుకా" అన్నది, ఆయనను చూసి.

గడియారం ఉరుకుతనే ఉన్నది. అయినా కూసున్నం. ఇస్తారాకుల పొగలు కక్కే కిచిడి, పచ్చి ఉల్లిగడ్డ. నాలుగు బుక్కలు లోపలికి పోయేసరికి నాకు ఎంత ఆకలైందో అర్థమైంది. ఆయన ముందుగాల మొహమాటపడ్డడు, తర్వాత రెండోసారి పెట్టించుకున్నడు. పావుగంట పోయింది. లేచి సైకిల్ భుజం మీద పెట్టుకొని జనం నడుమల కెల్లి నడిచినం. అవ్వ ముందు నడుస్తుంటే ఎవ్వలు అడ్డం రాలేదు. వచ్చేటప్పుడు వాళ్లే లేచి దారి ఇచ్చిండ్రు.

ఉరుకుడు మొదలుపెట్టేసరికి ఎండ మండుతున్నది. పొలాల నడుమ రోడ్డు, నీడ లేదు. పదకొండో కిలోమీటరు కాడ పిక్కలు పట్టేసినయి. రోడ్డు పక్క కూసొని కాలు చాపుకున్న, జేబుల తెచ్చుకున్న ఓఆర్ఎస్ పొట్లం నీళ్లల్ల కలుపుకొని తాగిన. ఇంతదాక వచ్చినదాన్ని, ఇది గూడ చెయ్యగలనని అనిపించింది. లేచి కొంత నడుసుడు, కొంత ఉరుకుడు పెట్టుకున్న. నాతోని కిచిడి తిన్న ఆయన నన్ను దాటిపోకుంట "థాంక్స్ అండీ, పరుగెత్తండి" అన్నడు. "ఉరుకుతున్న గద!" అన్న. ఇద్దరం నవ్వుకున్నం.

పొద్దు గుట్టలెనుకకు వాలుతుంటే చెరువుకట్ట చేరిన. ఇచ్చిన గడువుకు ఇంక ఇరవై నిమిషాలు ఉండె. పూర్తి చేసిన ఆడోళ్లం ఇద్దరమే, నేను రెండోదాన్ని. మెడల పతకం ఏస్తే యాడి దాన్ని చేతిల పట్టుకొని అటిటు తిప్పి చూసింది.

"ఇంత పొద్దుదాక ఎందుకు ఉరికినవ్ బిడ్డా? ఎవలన్న తరిమిండ్రా?"

"ఎవలు తరమలేదు యాడీ. నాకే ఉరకబుద్ధైంది."

"అట్లయితే మంచిదే" అని, కొంగుతోని నా ముఖం తుడిచింది.

తెల్లారి డ్యూటీల పిక్కల నొప్పులకు దవాఖాన మెట్లు దిగరాక ఎనుకకు తిరిగి దిగుతుంటే, కాన్పుకు వచ్చిన ఒకామె నిండు కడుపుతోని నా చెయ్యి పట్టుకొని దింపింది.