మోనికా అనే మనిషి ఇక్కడ లేదు

అల్ఫోన్స్ సీగా డాక్టరుకి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఉండదూ మరి! తీరం పొడుగునా ఎవరి నోట్లో పుండు లేచినా, కోసిన చిన్న ముక్క సీసాలో పడి ఆయన బల్ల మీదికే వస్తుంది. అది క్యాన్సరో కాదో తేల్చేది ఆయనే. అంతటితో ఊరుకోడు. ఏ దీవిలో ఎంతమందికొచ్చింది, వక్కతో సున్నం ఎంత దట్టిస్తారు, ఏ బుగ్గన పెడతారు అని ఊరూరా తిరిగి లెక్క తీస్తాడు. సున్నం తగిలేచోటే పుండు పుడుతోందని ఆయన నమ్మకం. నమ్మకం చాలదు కదా, లెక్క కుదరాలి.

అదే కుదిరి చావదు. అక్కడ అత్తింటివాళ్ళ పేరు నోట పలికితే తలకొట్టేసినట్టే. సిబోగ్ దీవి నర్సు వెరోనికాకి సగం దీవి అత్తింటివాళ్ళే. వాళ్ళ సీసాల మీద తోచిన పేరేదో రాసి పారేస్తుంది. ఒక్క ముసలాయన మూడు పేర్లతో ముగ్గురు రోగులవుతాడు. ఖర్మ!

"రాయడానికేం తల్లీ? పైకి అనమన్నానా?" అని ఫోనులో అరిచాడోసారి.

"రాసినా అన్నట్టే కదా డాక్టరుగారూ. మీ అత్తగారి పేరు మీరు రాస్తారేంటి?"

"నా సంగతి నీకెందుకు!" అని ఠక్కున పెట్టేశాడు.

ఆయన అత్తగారి పేరుకి ఊరిభాషలో అర్థం వాన. పెళ్ళయిన నాటినుంచీ ఆయన ఆ మాటే అనడు. కుండపోతగా కురుస్తున్నా "పైనించి తడుస్తోంది" అంటాడు.

రాజధాని పోర్ట్ మోర్స్బీ వెళ్ళి అధికారుల ముందు బల్లగుద్ది చెప్పాడు, పేర్లు సరిగ్గా రాయించకపోతే ఈ చావులు ఆగవని. వాళ్ళు టీ తాగి, తలూపి పంపేశారు. ఒళ్ళు మండిపోయింది.

కొన్నాళ్ళకి, దీవుల నుంచి తిరిగొచ్చిన రిపోర్టుల్లో ఒకటి కంటపడింది. నాలుక అంచున క్యాన్సర్. చిన్నదే, వెంటనే తీసేస్తే సరి. తేదీ చూస్తే రెండు నెలల కిందటిది! అడుగున వెరోనికా రాసింది, మోనికా అనే మనిషి ఇక్కడ లేదని.

ఫోనందుకున్నాడు. "మనుషుల్ని చంపేస్తున్నావు కదే! ఎవరీ మోనికా? ఏ అత్తకి తగిలించావీ పేరు?"

"అయ్యో, ఆ సీసా నేను పంపలేదండీ. మీ ఆసుపత్రిలోనే తీశారు. రిపోర్టుకి గుచ్చిన చీటీ మీద రాత చూడండి, మీదే."

చూశాడు. ఆయనదే. చర్చి ఆడవాళ్ళ సభకని సిబోగ్ నుంచి వచ్చిన అత్తగారు నాలుక మంటంటే భార్య లీనా తీసుకొచ్చింది. అసలు పేరు రాయడానికి చెయ్యి రాక, ఎప్పుడో బాప్తిస్మంలో పెట్టిన పేరు, ఎవరికీ గుర్తులేనిది, ఈయనే రాశాడు. ఈయన పోర్ట్ మోర్స్బీలో బల్ల గుద్దుతుంటే ఇక్కడ జూనియర్ ఆ ముక్కని చూసి రిపోర్టు దీవికి పంపేశాడు. తిరిగొచ్చాక ఈయనేమో, కబురు లేదు కాబట్టి ఏమీ లేదనుకున్నాడు. అత్తగారి నోటి సంగతి అడగడానికి సిగ్గాయె.

"డాక్టరుగారూ, ఎవర్ని పంపమంటారు?"

మా అత్తగారిని అంటే సరిపోయేదేమో. కానీ ఇంకెక్కడా పొరపాటు జరగకూడదు. పెళ్ళయ్యాక మొదటిసారి ఆ పేరు పలికాడు, ఇంటిపేరుతో సహా.

"జబ్బేమిటో ఆవిడకి చెప్పకు. మెల్లగా మేం చెబుతాం," అని పెట్టేశాడు.

మర్నాడు అత్తగారు పడవ దిగి, అల్లుడికి ఎదురుపడకుండా లీనా చాటున నడిచింది. ఆసుపత్రి గుమ్మంలో ఆగింది.

"మీ ఆయన నా పేరు పెట్టి చెప్పాడటగా?"

"అవునమ్మా."

"అయితే నేనింక బతకనన్నమాట."