మరలో మిగిలిన పొడి

ఇవాళ పొద్దున మా కేఫులో కొత్తగా చేరిన అమ్మాయి, నేను నేర్పినట్టే, మొదటి కప్పు కలిపే ముందు కాఫీ మర ఒకసారి తిప్పి, వచ్చిన గుప్పెడు పొడిని చెత్తబుట్టలో వేసింది. మూత పడేలోగా ఆ వాసన నా దాకా వచ్చింది. వేగిన గింజ వాసన వెనకాల ఇంకొకటి ఉంది, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన బట్టల వాసన. ఆ మర పెట్టెలోంచి తీసి వారం కూడా కాలేదు. అందులో గంజి వాసన ఎందుకుంటుంది? అయినా నేను గబుక్కున వెనక్కి తిరిగి చూశాను. ఇన్నేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. దానికి కారణం సూరత్‌లో కాఫీపొడి అమ్మిన రత్నమ్మగారు.

మా నాన్న సూరత్ స్టేషన్లో పార్సిలు గుమాస్తా. ఆ ఊరంతా చాయ్ మీద బతికేది. కాఫీ కావాలంటే మా రైల్వే కాలనీ తెలుగువాళ్ళకి, బ్యాంకు ఉద్యోగాల మీద వచ్చినవాళ్ళకి రత్నమ్మగారే దిక్కు. పొట్టి మనిషి, పెద్ద గొంతు, ఎప్పుడూ గంజి పెట్టిన నేతచీర. ఆవిడ భర్త గూడ్సు బళ్ళ మీద గార్డు. డ్యూటీ లేని రోజుల్లో గింజలు తెప్పించి, ఇంట్లోనే వేయించి, పొడి పట్టి తెలిసినవాళ్ళకి ఇచ్చేవారు. ఒకరోజు పొద్దున ఇంటి కోసం పొడి పట్టి, కాఫీ తాగి, డ్యూటీకి వెళ్ళారు. బండి కిమ్ స్టేషన్లో ఆగినప్పుడు గుండె ఆగి పోయారు. క్వార్టర్సు ఖాళీ చేయాల్సి వచ్చాక ఆవిడ ఉధ్నాలో రెండు గదులు అద్దెకు తీసుకుని, ఆ ఇనప మరని ఒక్క బోల్టు కూడా విప్పకుండా తోపుడుబండి మీద తెచ్చుకుని, ఆయన పని తాను మొదలుపెట్టారు.

కాలేజీ చదువు అయిపోయిన ఏడాది నాన్నతో కలిసి మొదటిసారి ఆవిడ దగ్గరికి వెళ్ళాను. మాకు ముందు బ్యాంకు ఆయన ఒకరు పొడి పట్టించుకుని వెళ్ళారు. పిండిమరలో ముందెవరైనా కారం పట్టిస్తే మన బియ్యప్పిండి ఏమవుతుందో తెలియని ఇల్లు ఉండదు కదా. అమ్మ నేర్పిన తెలివితో, "పిన్నిగారూ, ముందొచ్చే గుప్పెడు తీసేయండి. అది ఆయనది" అన్నాను.

"తీసెయ్యడమేమిటమ్మా? ఆయనది కొంచెం నీకొస్తుంది, నీది కొంచెం వెనకాలొచ్చేవాళ్ళకి వెళుతుంది. నిన్నటి పెరుగుతో ఇవాళ్టి పాలు తోడెయ్యమూ?"

"మరి అందరికంటే ముందు ఎవరిది?"

ఆవిడ బల్ల మీద ఒక చివరకి ఒదిగి కూర్చున్నారు. పక్కన ఇంకొక మనిషికి సరిపడా చోటు ఖాళీగా ఉంది. అటు చూసి, "మా ఆయనది" అన్నారు. ఊరికే అన్నారనుకున్నాను. ఆ సాయంత్రం మా నాన్న, కాఫీలో రెండు చెంచాల చక్కెర లేకపోతే రభస చేసే మనిషి, ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టి, "చక్కెర ఎందుకేశావు? నేను వేసుకోను కదా" అన్నాడు. అమ్మ నా వంక చూసింది. మర్నాడు పొద్దున ఆయన మామూలుగానే రెండు చెంచాలు వేసుకున్నాడు. ముందురోజు ఏమన్నాడో గుర్తే లేదన్నాడు. ఆ బ్యాంకు ఆయనకి మధుమేహమనీ, చక్కెర ముట్టరనీ నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

నాకు ఘోడ్‌దోడ్ రోడ్డులో కొత్తగా తెరిచిన పెద్ద కంపెనీ కేఫులో ఉద్యోగం వచ్చింది. వాళ్ళ కొట్లు దేశమంతా ఉండేవి. ఏ ఊళ్ళో తాగినా కప్పు ఒకేలా ఉండాలనేది వాళ్ళ మొదటి పాఠం. పొద్దున మర తిప్పి మొదటి గుప్పెడు పారేయాలి, సాయంత్రం మర విప్పి కుంచెతో దులిపి తుడవాలి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు నేను ఆ పాఠాన్ని ఇంటిదాకా మోసుకొచ్చి, అమ్మ ఫిల్టరును మరిగే నీళ్ళతో తోమి, చీవాట్లు తిన్నాను. ఇప్పుడు నవ్వుకుంటాను కానీ ఆ కేఫును తక్కువ చేసి మాట్లాడలేను. వరాఛా నుంచి వచ్చే వజ్రాల వ్యాపారుల కొడుకులు కూర్చున్నంతసేపు, ఒంటరిగా వచ్చిన ఆడపిల్ల కూడా ఒక్క కప్పు పెట్టుకుని కూర్చోవచ్చు. ఎందుకు కూర్చున్నావని అడిగేవాడు లేడు. ఆ ఊళ్ళో నాకు అలాంటి చోటు అంతకుముందు దొరకలేదు.

మొదటి జీతం వచ్చాక రత్నమ్మగారిని అక్కడికి తీసుకెళ్ళాను. ఆవిడ మెత్తటి సోఫాలో కూడా ఒక చివరకే ఒదిగి కూర్చున్నారు. నురగ చూసి చిన్నపిల్లలా ముచ్చటపడ్డారు. రెండు గుక్కలు తాగి, "బాగుందమ్మా. శ్రద్ధగా చేశారు" అన్నారు. మూడో గుక్క నోట్లో కాసేపు ఉంచుకుని మింగి, గొంతు తగ్గించి, "ఇందులో ఎవరూ లేరు" అన్నారు. అంతలో మా వాళ్ళలో ఒకడు మర తిప్పి పొడి బుట్టలో వేశాడు. ఆవిడ ఉలిక్కిపడి, "అదెవరిది?" అని అడిగారు. ఎవరిదీ కాదని చెప్పాను. ఆవిడ కప్పు ఖాళీ చేయకుండానే లేచారు.

ఆ ఏడు ఆవిడ బేరాలు తగ్గాయి. కొందరు ప్యాకెట్ల పొడికి మారారు, కొందరి పిల్లలు మా కేఫుకు మరిగారు. ఒకావిడ నాతోనే, "రత్నమ్మగారి పొడిలో ముక్కిన వాసనొస్తోందే" అంది. నాకు కారణం దొరికిందనిపించింది. పాత పొడి లోపల కరుడుకట్టి కొత్త పొడిని పాడుచేస్తోంది. మరని ఒక్కసారి శుభ్రం చేస్తే ఆవిడ కొట్టు నిలబడుతుంది. లోపల విప్పొద్దని ఆవిడ అందరికీ చెప్పేవారు, నాకూ చెప్పారు. పెద్దవాళ్ళ చాదస్తమనుకున్నాను.

ఆవిడకి జ్వరం వచ్చి లోపలి గదిలో పడుకున్న రోజు మధ్యాహ్నం, కొట్టు నేను చూసుకుంటానని కూర్చుని, మర విప్పాను. పళ్ళచక్రాల చుట్టూ పొడి నల్లటి అట్ట కట్టింది. దాన్ని చెంచాతో గీరుతుంటే ఒక్కసారిగా గంజి బట్టల వాసన వచ్చింది, డ్యూటీకి తయారైన మనిషి పక్కనే నిలబడ్డట్టు. వెనక్కి చూస్తే ఎవరూ లేరు. భయం వేసింది. భయపడితే పని చెడుతుందని ఇంకా గట్టిగా గీరి, కుంచెతో దులిపి, అంతా ఒక కాగితంలో ఎత్తి, సందులో పోతున్న చెత్తబండిలో వేసి వచ్చాను. గడప దాటి లోపలికి అడుగుపెట్టేసరికి లోపలి గదిలోంచి రత్నమ్మగారి గొంతు వినిపించింది.

"అమ్మాయ్, ఎవరమ్మా బయటికి వెళ్ళింది?"

"నేనే పిన్నిగారూ. ఇప్పుడే వచ్చేశాను."

"నువ్వు కాదు. నీతోపాటు వెళ్ళిందెవరు?"

నేను గబగబా మర మళ్ళీ బిగించేశాను.

జ్వరం తగ్గిన మర్నాడు ఆవిడ గింజలు వేయించడానికి కూర్చున్నారు. అంతకుముందు చాలాసార్లు చూశాను. గింజలు చిటపటమంటుండగా ఆవిడ తల పక్కకి వంచి, "ఇంకొంచెమా?" అని మెల్లగా అడిగి, కాసేపాగి, దించేవారు. ఆ రోజూ అడిగారు. ఆగారు. గింజలు గోధుమరంగు నుంచి నల్లబడి, పొగ గదంతా నిండినా ఆవిడ అలా తల వంచుకునే ఉన్నారు. నేనే పరుగున వెళ్ళి దించాను. మర్నాటి వాయి కూడా మాడింది, ఆ తర్వాతిదీ మాడింది. ఆవిడ ఇప్పుడు బల్ల మధ్యలో కూర్చుంటున్నారని గమనించాను. కాళ్ళ మీద పడి చేసింది చెప్పాను. తిడితే బాగుండేది.

"నాకు వేయించడం రాదమ్మా" అన్నారు. "ఎప్పుడు దించాలో ఆయనే చెప్పేవారు. మంచి మనసుతోనే చేశావు. కానీ ఇక ఈ పని నా వల్ల కాదు."

నేను కాలనీలో ఇల్లిల్లూ తిరిగాను. మర విప్పకముందు పట్టిన పొడి ఒక్క చెంచా మిగిలి ఉంటే చాలనుకున్నాను. అందరి డబ్బాలూ ఖాళీయే. ఎవరు మాత్రం కాఫీపొడి దాచుకుంటారు? చివరికి గుర్తొచ్చినవాడు మల్లేశం. కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఖటోదరాలో మరమగ్గాలు బాగుచేసేవాడు. రత్నమ్మగారి మరకి బెల్టు అతనే మార్చేవాడు. ఆ పరిచయంతో కాఫీ రుచి మరిగాడు, కానీ సెలవునాడు మాత్రమే తాగేవాడు. మగ్గాల హోరులో అతన్ని వెతికి పట్టుకుని బయటికి పిలిచాను.

"ఏంది చెల్లె, గిట్ల ఉరికొచ్చినవ్?"

చెప్పాను. అతని మొహం మారిపోయింది.

"లోపట ఇప్పినవా? నేను దినాం మగ్గాలు ఇప్పెటోన్ని, దాన్ని మాత్రం ముట్టలే. ఒకపారి బెల్టు ఏస్తుంటె నా చెయ్యి లోపటికి పోయింది. ఎవలో మణికట్టు పట్టుకున్నట్టయింది. గట్టిగ గాదు, జర ఆగుమన్నట్టు. గంతే."

"అన్నా, ఆ పొడి ఏమైనా ఉందా?"

"ఉన్నది, జరంత. తీస్కపో, మొత్తం తీస్కపో. నాకు చాయ్ ఉన్నది."

గది నుంచి తెచ్చి ఇచ్చిన డబ్బాలో అడుగున నాలుగు చెంచాల పొడి ఉంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో ఉధ్నా వచ్చాను. రత్నమ్మగారు డబ్బా మూత తీసి వాసన చూసి, సగం పొడి మర గరాటులో పోశారు. కొన్ని గింజలు వేసి తిప్పారు. కింద పడిన పొడిని తీసి మళ్ళీ గరాటులోనే పోశారు. అలా మూడుసార్లు చేసి, పొయ్యి వెలిగించి కొత్త వాయి వేయించడం మొదలుపెట్టారు. ఇది కూడా మాడితే నేను ఆ గడప మళ్ళీ తొక్కలేనని నాకు తెలుసు. గింజలు చిటపటమన్నాయి. ఆవిడ తల వంచి, "ఇంకొంచెమా?" అన్నారు. నాకు గింజల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. ఆవిడ మొహం మీద చెమట కారుతోంది. చాలాసేపయింది. ఆవిడ చటుక్కున, "సరే సరే, దించుతున్నా" అని ఎవరి మీదో విసుక్కుంటూ దించారు. గింజ రంగు సరిగ్గా కుదిరింది.

నాకు ఏడుపు ఆగలేదు. బల్ల మీద కూలబడబోయాను. అప్పటికే ఆవిడ చివరకి జరిగి కూర్చున్నారు. నా మోచెయ్యి పట్టుకుని ఆపి, "అక్కడ కాదమ్మా, ఇటు కింద కూర్చో" అన్నారు.

తర్వాత నాలుగేళ్ళు ఆవిడ ఆ పని చేశారు. పోయినప్పుడు నేను సూరత్‌లో లేను. మరని ఎవరో పాత ఇనుముకి పట్టుకెళ్ళారు. నెల తర్వాత మల్లేశం నన్ను వెతుక్కుంటూ వచ్చి, తన పాత డబ్బానే నా చేతిలో పెట్టాడు. "అమ్మ ఆఖరుకు పట్టిన పొడి. నీకే ఇయ్యమన్నది. కడుగొద్దని చెప్పుమన్నది" అన్నాడు.

కేఫులో నేను కొత్తగా చేరిన పిల్లలకి మర విప్పి తుడవడమే నేర్పుతాను. అది అక్కడి పద్ధతి, తప్పు కాదు. ఆ డబ్బా పొడిని ఇంట్లో ఉన్న చిన్న మరలో పోసి తిప్పాను. దాన్ని మాత్రం ఎవరినీ ముట్టనివ్వను. సెలవురోజు పొద్దున గింజలు నేనే వేయించుకుంటాను. బల్ల మీద ఇద్దరికి సరిపడా చోటు వదిలి, చివర కూర్చుని, "ఇంకొంచెమా?" అని అడుగుతాను. రత్నమ్మగారికి ఒక్కరే చెప్పేవారు. నాకు ఇద్దరు చెబుతారు, ఆ ఇద్దరికీ పొసగదు. ఆయన దించెయ్యమంటారు, ఆవిడ ఇంకాస్త ఆగమంటారు. నేను ఆవిడ మాటే వింటాను.