ముందు చక్రాలకు సెలవు

జీపుకు ఇంజను మార్చడం పెద్ద విషయమేమీ కాదు. పాత పెట్రోలు ఇంజను దింపి, డీజిలు ఇంజను ఎక్కించి బిగిస్తే బండి స్టార్టవుతుంది. ఆ ఇంజను వెనక ఏ గేర్ బాక్సు పెట్టాలి, దాని వెనక ఏ ట్రాన్స్‌ఫర్ కేసు పెట్టాలి అన్న దగ్గరే మనిషికి పిచ్చెక్కుతుంది. తొంభైల చివర్లో నాకు ఎక్కింది. నేను ఆ పిచ్చిలో ఉండగానే నా స్నేహితుడు నా నెత్తిన చెయ్యి పెట్టాడు.

ట్రాన్స్‌ఫర్ కేసంటే తెలియనివాళ్ళకు ఒక్క ముక్కలో చెబుతాను. గేర్ బాక్సు నుంచి వచ్చే బలాన్ని వెనక చక్రాలకూ ముందు చక్రాలకూ పంచే ఇనప పెట్టె అది. రోడ్డు మీద వెనక చక్రాలు తోస్తే సరిపోతుంది. ఇసుకలోకి దిగాక లివరు లాగితే ముందు చక్రాలు కూడా అందుకుంటాయి. ఇంకో లివరుంటుంది, దాన్ని 'లో'లో వేస్తే బండి నడక తగ్గి లాగుడు పెరుగుతుంది.

నా గొడవంతా ఇసుకతోనే. పట్టిసీమకు దిగువన, గోదావరి మధ్య ఒక లంకలో మాకు కాస్త పొలం ఉండేది. అరటి, బీర, వంగ పండించేవాళ్ళం. ఎండాకాలం గట్టుకూ లంకకూ మధ్య పాయ ఎండిపోయి ఒట్టి ఇసుక మిగులుతుంది. ఎడ్లబండి మీద ఆ ఇసుక దాటించి, గట్టు మీద లారీలోకి మార్చి, కొవ్వూరు వంతెన మీదుగా రాజమండ్రి చేర్చేసరికి బీరకాయలు వడిలిపోయేవి, వంకాయలు నలిగిపోయేవి. ట్రాక్టరు ఇసుక బాగానే దాటుతుంది గానీ రోడ్డెక్కాక దాని నడక చూస్తే నిద్రొస్తుంది. పొలంలో ఎక్కించిన సరుకు మళ్ళీ దించే పని లేకుండా మార్కెట్టులోనే దించాలంటే, ట్రాలీ తగిలించిన ఫోర్ వీలు జీపే కావాలి.

అందుకే వేలంలో పాత మిలిటరీ జీపు కొన్నాను. ఈ వేసవికి సరుకంతా నేనే తోలతానని లంక రైతులందరికీ మాటిచ్చాను. ఊరుకోకుండా, ఎడ్లబండ్లవాళ్ళను మాట్లాడుకోవద్దని కూడా చెప్పాను. నా మాట విని వాళ్ళు ఆ బండ్లు వదులుకున్నారు. ఆ బండ్లవాళ్ళు ఇటుక బట్టీల పనికి వెళ్ళిపోయారు. ఇక లంకలో పండిన ప్రతి కాయా నా జీపు కోసమే చూడాలి.

నిడదవోలులో నా స్నేహితుడికి మెకానిక్ షెడ్డు ఉండేది. వాడూ నేనూ ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్ళం. మా అమ్మ వాడికి వేరే కంచం పెట్టేది కాదు, నా కంచంలోనే ఇంకాస్త అన్నం వేసేది. అలాంటివాడి దగ్గరికి కాక జీపును ఇంకెవరి దగ్గరికి తీసుకెళ్తాను?

వాడు ఇంజను పని చూసుకున్నాడు. గేర్ బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు ఎంచే పని నేనే నెత్తినేసుకున్నాను. జీపుతో వచ్చిన మూడు గేర్ల పెట్టె డీజిలు గుంజుడికి ఆగదు, పళ్ళు రాలిపోతాయి. డీజిలు ఇంజను నెమ్మదిగా తిరుగుతూ అడుగు నుంచే లాగుతుంది కాబట్టి దానికి నాలుగు గేర్లుండాలి, మొదటిది మొండిగా ఉండాలి, నాలుగోది తేలిగ్గా సాగాలి. లేకపోతే ఇసుక దాటిన మొనగాడు వంతెన మీద లారీల చేత హారన్లు కొట్టించుకుంటాడు. ఇదంతా నాకు పుట్టుకతో వచ్చిన తెలివి కాదు. కనపడ్డ ప్రతి డ్రైవరునీ టీ ఇప్పించి అడిగి తెలుసుకున్నాను. మా ఆవిడైతే, "అన్నం ముందు కూర్చుని కూడా గేర్లేనా?" అని విసుక్కునేది.

గేర్ బాక్సు తొందరగానే దొరికింది. ట్రాన్స్‌ఫర్ కేసు దగ్గర పేచీ వచ్చింది. నా జీపుకు ముందు ఇరుసు మీద, దాన్ని తిప్పే షాఫ్టు తగిలించే చోటు కుడివైపు ఉంది. అంటే ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి ముందుకు వెళ్ళే షాఫ్టు కూడా కుడివైపు నుంచే రావాలి. ఎడమవైపు నుంచి వచ్చే రకం కూడా ఉంది. గేర్ బాక్సుకు అదీ శుభ్రంగా బిగుస్తుంది, వెనక చక్రాలను తిప్పుతుంది. ముందు షాఫ్టు మాత్రం దానికి తగిలించడానికే కుదరదు.

వాడి షెడ్డులో ఆ ఎడమవైపు రకం ఒకటి చాలాకాలంగా మూలపడి ఉంది.

"ఇది పెట్టేద్దాంరా, ఊరికే పడుంది," అన్నాడు.

"అది పెడితే ముందు చక్రాలెందుకు తిరుగుతాయిరా? నాకు కుడివైపుదే కావాలి."

"నీ ఇష్టం. అలాగే వెతుక్కో," అన్నాడు.

వెతుక్కున్నాను. బెజవాడ పాత సామాన్ల కొట్లన్నీ తిరిగాను. ప్రతి పెట్టె మూతా తీయించి, లోపలికి వేలు పెట్టి పన్ను పన్నూ తడిమి చూశాను. 'లో'లో వేసి, పై రాడ్డు చేత్తో తిప్పుతూ కింద రాడ్డు ఎంత నిదానంగా కదులుతుందో చూశాను. కొట్టువాళ్ళు నన్ను చూసి పెళ్ళిచూపులకొచ్చారా అని నవ్వారు. చివరికి ఒకటి దొరికింది. కుడివైపుది, పళ్ళు చెక్కు చెదరలేదు, 'లో' నున్నగా పడుతోంది. బస్సులో ఒళ్ళో పెట్టుకున్నంత పని చేసి తెచ్చి వాడి షెడ్డులో దించాను. వాడు కూడా వేలు పెట్టి తడిమి చూసి, "మంచిది పట్టావురా," అన్నాడు. ఆ మెప్పుకు నేను పొంగిపోయాను.

షెడ్డు వెనక టార్పాలిన్ కింద వాడి సొంత జీపు ఒకటుండేది, అదీ నా జీపు రకమే. ట్రాన్స్‌ఫర్ కేసు పగిలి మూలపడింది. అమ్మేస్తాననేవాడు. నేను ఎప్పుడూ దాన్ని పట్టించుకోలేదు.

పని జరుగుతున్నన్నాళ్ళూ ఒకరోజు విడిచి ఒకరోజు షెడ్డుకు వెళ్ళేవాణ్ణి. మా గోదావరివాళ్ళ సంగతి తెలిసిందే, వెటకారం లేకుండా మంచినీళ్ళు కూడా అడగరు. నన్ను చూడగానే షెడ్డులో మొదలయ్యేది.

"రండి, రండి. మీ బండికి ముందు చక్రాలకి సెలవిచ్చేశామండి," అనేవాడు నా స్నేహితుడు, కావాలని నన్ను అండీ అంటూ.

"పెద్ద వయసు కదండీ, విశ్రాంతి కావాలి వాటికి," అనేవాడు వెల్డింగు చేసేవాడు.

"ఆయ్. ముందువి అలంకారానికేనండి. దండెయ్యడానికి బాగుంటాయి," అని మళ్ళీ నా స్నేహితుడే అందుకునేవాడు.

అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. పైగా ఊరుకోకుండా, "అయితే వాటికి పింఛను కూడా ఇప్పించండి," అని నేనే ఇంకో మాట కలిపేవాణ్ణి. వెటకారానికి ముఖం మాడ్చుకునేవాణ్ణి మా వైపు మనిషిగా లెక్కెయ్యరు. కింద దూరి ఒక్కసారి చూడాలన్న ఆలోచన నాకు రానేలేదు.

సరిగ్గా తోలుడు మొదలయ్యే రోజుకు ముందు సాయంత్రం బండి ఇచ్చాడు. నిడదవోలు నుంచి రోడ్డు మీద వెన్నలా వచ్చింది. మర్నాడు ఖాళీ ట్రాలీతో ఇసుక మీద బండ్ల జాడ పట్టుకుని లంకలోకి కూడా వెళ్ళిపోయాను. రైతులు బీరకాయల గంపలు, వంకాయల బస్తాలు ఎక్కించారు. లంకలో అందరికంటే పెద్ద రైతు, నేను బాబాయిగారూ అని పిలిచే ఆయన, చక్రానికి కొబ్బరికాయ కొట్టి నా పక్కన ఎక్కాడు. బయల్దేరాను.

ఇసుక మధ్యకొచ్చేసరికి బండి ఆగింది. ఫోర్ వీలు లివరు లాగాను, టక్కుమని పడింది. 'లో' వేశాను, అదీ పడింది. క్లచ్చు వదిలితే వెనక చక్రాలు గొయ్యి తవ్వుకుంటున్నాయి. "ముందువి తిరగట్లేదు అబ్బాయ్," అన్నాడు బాబాయిగారు, పక్కకు వంగి చూసి. నేను నమ్మలేదు. దిగి, కాలిపోతున్న ఇసుక మీద పడుకుని కిందకి దూరాను.

ముందు షాఫ్టు లేదు. నేను బెజవాడ నుంచి తెచ్చిన పెట్టె లేదు. దాని చోట షెడ్డు మూలన పడుండే ఎడమవైపుది బిగించి ఉంది. షాఫ్టు తగిలించాల్సిన చోట గ్రీజు పూసి, గోనెగుడ్డ చుట్టి, తాడుతో కట్టారు. అంత శ్రద్ధగా చేశారు ఆ వెధవ పని. నేను వెంటనే లేవలేకపోయాను. నాకు ముందు కోపం రాలేదు, సిగ్గేసింది. సెలవు, విశ్రాంతి, అలంకారం అన్నీ ఒక్కొక్కటే చెవిలో పడ్డాయి.

సరుకు మనుషులు నెత్తిన మోశారు. గట్టు చేరేసరికి సగం పాడైంది. ఒక్కళ్ళు కూడా నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

సాయంత్రానికి షెడ్డులో ఉన్నాను. వాడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"నా పెట్టె ఏదిరా?"

"నా బండిలో ఉంది," అన్నాడు. దాచలేదు.

"నాకు చెప్పకుండా ఎలా పెట్టావు?"

"చెప్పకపోవడమేంటి? రోజూ చెప్పాం కదరా. ఇంతమంది ముందు చెప్పాం. నువ్వే నవ్వావు."

వాడు నవ్వుతూ చెప్పి ఉంటే కాలర్ పట్టుకునేవాణ్ణేమో. నవ్వలేదు. నాకు సర్ది చెబుతున్నట్టు నిదానంగా అన్నాడు.

"నీకు పొలం ఉందిరా. నాకీ షెడ్డు తప్ప ఏముంది? లంక తోలుడు నేను చూసుకుంటాను. పెట్టె డబ్బులు నీకిచ్చేస్తాలే."

ఆ డబ్బులు వాడి మొహానే కొట్టుకోమని చెప్పి వచ్చేశాను. పెద్దమనుషుల్లో పెడదామంది మా ఆవిడ. ఏమని పెట్టను? ముందు చక్రాలకు సెలవిచ్చామని వీళ్ళంటే నేను పింఛను అడిగానని చెప్పనా? ఊరంతా ఇంకోసారి నవ్వుతారు. దాంతో ఆ మాట వదిలేశాను. మనసు మాత్రం వదల్లేదు. నమ్మినవాణ్ణి నట్టేట ముంచడమంటే ఇదే. వాడు పరాయివాడై ఉంటే ఇంత ఏడుపు ఉండేది కాదు.

వారం తిరక్కుండా వాడి జీపు లంకలోకి దిగింది. బాబాయిగారు మా ఇంటికొచ్చి, తల దించుకుని చెప్పాడు.

"నువ్వేం అనుకోవద్దు అబ్బాయ్. కాయలు ఆగవు కదా. మాకు బండి కావాలి."

"తప్పు లేదు బాబాయిగారూ," అన్నాను. అందులో ఆయన తప్పేముంది గనక.

కుడివైపుది ఇంకొకటి దొరుకుతుందేమోనని మళ్ళీ బెజవాడ వెళ్ళాను. దొరకలేదు. ఈలోగా మా అరటి గెలలు పక్వానికొచ్చేశాయి. ఎడ్లబండ్లా లేవు. గెలలు చెట్టునే మాగిపోతుంటే రెండు రోజులు చూస్తూ కూర్చున్నాను. చివరికి మా ఆవిడే బాబాయిగారితో వాడికి కబురు పంపింది. వాడు పొద్దున్నే వచ్చాడు. మిగతా రైతుల గంపలు పక్కన పెట్టించి, "ముందు మావాడివి ఎక్కించండి," అన్నాడు. కిరాయి ఇవ్వబోతే నా చెయ్యి వెనక్కి తోసేశాడు. మావాడివి అన్న మాటకు నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా గెలలు చూసుకుంటూ ట్రాలీలో ఎక్కి కూర్చున్నాను.

ఇసుక మధ్యలో వెనక చక్రాలు కాస్త జారాయి. వాడు లివరు లాగాడు. ముందు చక్రాలు అందుకున్నాయి. ట్రాలీ నిండా గెలలున్నా బండి ఆగలేదు. గట్టు వాలు దగ్గర 'లో' వేశాడు. ఇంజను గొంతు పెంచకుండా, తొందరపడకుండా, ఒక్క కుదుపు లేకుండా పైకి లాగేసింది. నేను లెక్కేసుకున్నట్టే లాగింది. అంతవరకు నేను తెచ్చిన ఆ పెట్టె ఇసుకలో పని చేయడం నేను చూడనేలేదు.

గట్టెక్కాక వాడు బండాపి వెనక్కి తిరిగాడు. ఈసారి వెటకారం లేదు. చిన్నప్పుడు బడిలో బెంచీ మీద లెక్క సరిపోయిందా అని అడిగేవాడు చూడండి, ఆ ముఖంతో అడిగాడు.

"ఏరా, ఎలా లాగుతోంది?"

బూతులు తిడదామనుకున్నాను. దిగిపోదామనుకున్నాను. కానీ నిజంగానే బాగా లాగుతోంది.

"బాగా లాగుతోందిరా," అన్నాను.

వాడు సంతోషంగా గేరేశాడు. రాజమండ్రి దాకా నేను గెలల చాటున ముఖం పెట్టుకుని ఏడుస్తూనే ఉన్నాను.