పైకి మాత్రమే చూసే నోట్సు

కంప్యూటరు ఉన్న గదిలోకి చెప్పులు బయట విడిచి వెళ్లే రోజులవి. ఆ యంత్రానికి దుమ్ము పడదనేవారు. మా తాత ఊరి దొర; కోటలాంటి ఆయన గడి ముందు నుంచి పోయేటప్పుడు ఊళ్లోవాళ్లు చెప్పులు చేత పట్టుకునేవారట (ఇది గర్వపడాల్సిన సంగతి కాదని నాకు తోచడానికి చాలా ఏళ్లు పట్టింది). ఆయన మనవడినైన నేను తొంభైల మధ్యలో యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్ గడప ముందు రోజూ బూట్లు విప్పుతూ, ఒక సాక్సుకు పడిన చిరుగును రెండో పాదంతో కప్పుకునేవాణ్ణి. గడి కూలింది, భూములు పోయాయి, మిగిలిన మామిడితోట మీద కోర్టులో కేసు నడుస్తుండేది. వాటన్నిటికీ బదులుగా నాకు సంక్రమించింది వంగని నడుము ఒక్కటే. తార్నాకలో ఒక డాబా మీది గదిలో ఉంటూ, ఆ నడుమును ఇస్త్రీ చొక్కాలో పెట్టుకుని క్యాంపస్ దాకా నడిచి వెళ్లేవాణ్ణి. బస్సులో వేలాడడం మా వంశానికి తగదనుకునేవాణ్ణి.

ఉద్యోగం తాత్కాలికం. ప్రవేశపరీక్షకు గదులు కేటాయించే ప్రోగ్రాములు చూసుకోవాలి, ఏడాదికోసారి సెంటర్‌కు పెద్ద అయిన మా సార్ సంతకం చేస్తే కొనసాగాలి. చేయకపోతే ఏం చేయాలో కూడా సిద్ధంగానే ఉంది. మా తాత దగ్గర నాగలి పట్టిన మనిషి కొడుకు మా జిల్లా కేంద్రంలో పెద్ద బట్టల దుకాణం పెట్టాడు. నన్ను గల్లాపెట్టె దగ్గర కూర్చోమని ఎంతో మర్యాదగా కబురు పంపాడు. అవమానించి ఉంటే తట్టుకునేవాణ్ణి. ఆ మర్యాదే నిద్ర పట్టనివ్వలేదు.

అందుకే పని మీద ప్రాణం పెట్టాను. ఒక చోట మార్పు చేస్తే పదిచోట్ల మార్చాల్సిన పని అది. ఎవరినీ ఏదీ అడిగే అలవాటు లేనివాణ్ణి కనుక అన్నీ రాసిపెట్టుకున్నాను. మా ఎడిటర్‌లో ఒక సదుపాయం ఉండేది. నోటులో ఇంకో నోటు పేరు రాసి, దాని మీద కర్సర్ పెట్టి రెండు మీటలు కలిపి నొక్కితే ఆ నోటు తెర మీదికి వచ్చేది. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాల్లో (తెలుగునే ఇంగ్లిష్ లిపిలో) గదుల పట్టిక, తలుపుకు అంటించే కాగితం, హాల్ టికెట్ అన్నిటికీ తలా ఒక నోటు కట్టాను. మా సెక్షన్‌లో నాతో పాటు పనిచేసే ఒకావిడ, మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చేది, అందరికీ అక్క, చూసి మెచ్చుకుంది. ఆదివారాలు చర్చిలో పాడే గొంతు కావడంతో ఆ మెచ్చుకోలు వరండా చివరిదాకా వినిపించింది.

పరీక్షకు ముందు నేను మామిడితోట కేసు వాయిదాకు ఊరెళ్లాను. అదే సమయంలో పాత భవనంలోని పెద్ద హాలుకు మరమ్మతుకని పైకప్పు విప్పారు. సార్ అక్కను పిలిచి ఆ హాలు బదులు లైబ్రరీ పక్క భవనం పెట్టమన్నారు. అక్క నా నోట్సు తెరిచి, గదుల పట్టిక మార్చి, దాని నోటులో ఇంకెక్కడికి వెళ్లమని ఉందోనని చూసింది. ఎక్కడికీ వెళ్లమని లేదు. పని అయిపోయిందనుకుంది. నేను తిరిగొచ్చేసరికి పైకప్పు లేని హాలు పడినవాళ్ల హాల్ టికెట్లన్నీ దాని పేరుతోనే అచ్చయి, మర్నాడు పొద్దున టపాలో పడడానికి కట్టలై ఉన్నాయి.

సార్ ఇద్దరినీ నిలబెట్టారు. హాల్ టికెట్ నోటులో గదుల పట్టికను చూడమని ఉందని నేను తెరిచి చూపించాను.

"అది ఉందండీ. మరి గదుల పట్టికలో హాల్ టికెట్టు సంగతేదీ?" అంది అక్క.

నేను చాలా గంభీరంగా వివరించాను. గదుల పట్టిక పెద్దది, మిగతావన్నీ దాని మీద ఆధారపడినవి. చిన్నవాళ్లు పెద్దవాళ్ల గడపకు వస్తారు గాని పెద్దవాళ్లు చిన్నవాళ్ల గడపకు పోరు కదా. మా ఇంట్లో పెళ్లి పిలుపులు కూడా అలాగే జరిగేవి. నోట్సు కూడా ఆ పద్ధతిలోనే కట్టాను.

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సార్ మాత్రం నవ్వలేదు. నన్ను కొనసాగించే కాగితం బల్ల మీదే ఉంది. దాన్ని సొరుగులో పెట్టి, "ముందు ఆ కట్టలు ఆపించు. నువ్వే వెళ్లు" అన్నారు.

కట్టలున్న సెక్షన్ రోడ్డుకు అవతలే. కానీ ఉద్యోగంలో చేరాక ఒక్కసారీ నేను అక్కడికి వెళ్లలేదు. దాన్ని చూసే ఆయనది మా ఊరే. వాళ్ల నాన్న మా గడిలో జీతగాడు. కాగితాలు ఎప్పుడూ అటెండర్ చేత పంపేవాణ్ణి.

నన్ను గుమ్మంలో చూసి ఆయన పురికొస ముడి వేయడం ఆపాడు. "ఏంది చిన్నదొరా, తొవ్వ తప్పి వచ్చిన్రా గీడికి?"

తాను కూర్చున్న బల్ల మీదే జరిగి చోటిచ్చాడు. కూర్చున్నాను. సంగతి చెప్పాను. ఆయన కట్టలను వేలితో లెక్కపెట్టాడు.

"ఆపుడు పెద్ద పని కాదు. కానీ మా ఆఫీసర్ అడుగుతడు. ఎవరి తప్పని చెప్పాలె?"

అక్క పేరు, పైకప్పు విప్పినవాళ్ల పేరు, ఆఖరికి ఎడిటర్ పేరు కూడా గొంతు దాకా వచ్చాయి.

"నాదేనని చెప్పన్నా" అన్నాను.

అన్నా అన్న మాటకు ఆయన కంటే నేనే ఎక్కువ ఉలిక్కిపడ్డాను. ఆయన చాయ్‌కి మనిషిని పంపి, జేబులోంచి బ్లేడు తీసి మొదటి కట్ట పురికొస కోశాడు. నా వెనకే వచ్చిన అక్క తార్నాక చౌరస్తాకు పరుగెత్తి కొత్త భవనం పేరుతో రబ్బరు స్టాంపు చేయించుకొచ్చింది. ముగ్గురం వరసగా కూర్చున్నాం. ఒకరు పాత పేరు కొట్టేయడం, ఒకరు ముద్ర వేయడం, ఒకరు కట్ట కట్టడం. ముద్ర పని నాది. మొదటివి కొన్ని తలకిందులుగా పడ్డాయి.

"దొరలకు ముద్రలు గొట్టుడు పుట్టుకతోనే వస్తదనుకున్న" అన్నాడాయన. అక్క ఈసారి కొంగు అడ్డం పెట్టుకోకుండానే నవ్వింది. నేనూ నవ్వాను. అలా వంగి కూర్చుని నవ్వితే నడుముకు ఎంత హాయో అప్పుడే తెలిసింది.

దీపాలు పెట్టే వేళకు చివరి కట్ట ముడి పడింది. మర్నాడు సార్ సొరుగులోంచి కాగితం తీసి సంతకం చేస్తూ, తల ఎత్తకుండానే, "ఎవరు ఎవరి గడపకు రావాలన్నది కాదు, ఎవరికి చెప్పాలన్నది రాయి" అన్నారు. వారమంతా కూర్చుని ప్రతి నోటు అడుగునా 'నన్ను నమ్ముకున్నవాళ్లు' అని రాసి, కిందికి పోయే దారులన్నీ కట్టాను. హాల్ టికెట్ల దారిలో ఏ సెక్షన్‌కు, ఎవరి దగ్గరికి వెళ్లాలో కూడా రాశాను. అటెండర్ చేత పంపొద్దని రాశాను.

ఆ ఎడిటర్ పోయింది, ఆకుపచ్చ అక్షరాలు పోయాయి, మామిడితోట కూడా పోయింది. మా ఊరాయన రిటైరై మాణికేశ్వర్ నగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. తార్నాక వైపు పనిపడినప్పుడల్లా ఫోన్ చేయకుండానే వెళ్తాను. ఆయన గడప ముందు బూట్లు విప్పుతుంటే (సాక్సులు ఇప్పుడు మంచివే) లోపలి నుంచి అదే పలకరింపు వినిపిస్తుంది.

"ఏంది తమ్మీ, తొవ్వ తప్పినవా?"

"లేదన్నా, తొవ్వ రాసుకొనే వచ్చిన" అంటాను.